దుమ్ము మిషను, ఆగిన మగ్గాలు

ఆ శుక్రవారం ఉదయలక్ష్మి వేసుకున్న పథకం చాలా చిన్నది. మొగుడు గడప దాటగానే ఎలక్ట్రీషియన్‌ను లోపలికి పిలవాలి. మధ్యాహ్నం అన్నం వేళకల్లా దుమ్ము లాగే మిషను వెనక షెడ్డులో నేలకు బోల్టులతో బిగిసిపోవాలి. సాయంత్రం మొగుడు మగ్గాన్ని వెంటబెట్టుకుని వచ్చేసరికి ఆ షెడ్డులో మగ్గానికి చోటు ఉండకూడదు. అంతే.

నగరిలో వాళ్ళది మరమగ్గాల వీధి. ఇంటి ముందు భాగంలో భర్త చంద్రమౌళి మగ్గాలు రెండు. వెనక రేకుల షెడ్డు. ఒకప్పుడు అందులో అత్త కుప్పమ్మ గుంట మగ్గం నేసేది. మోకాళ్ళు మొరాయించాక గుంట పూడ్చేశారు. ఖాళీగా పడున్న ఆ షెడ్డులోకి ఉదయలక్ష్మి ఒక రంపం, ఒక చిత్రిక, నాలుగు ఉలులు తెచ్చుకుంది. పసిపిల్లలు పట్టుకుని నడక నేర్చుకునే మూడు చక్రాల బండ్లు చేయడం మొదలుపెట్టింది. ఆడమనిషి చిత్రిక పట్టడమేమిటని మొదట్లో వీధి నవ్వింది. తరవాత ఆ వీధిలో పుట్టిన ప్రతి బిడ్డా ఆమె చేసిన బండి పట్టుకునే నడిచింది. నవ్వులు ఆగిపోయాయి గాని, ఆమెకు దగ్గు మొదలైంది.

కరెంటుతో నడిచే కోత మిషను తెచ్చుకున్నప్పటి నుంచి షెడ్డు నిండా పొట్టే. తిరుపతిలో డాక్టరు ఛాతీ ఫొటోను వెలుతురుకు ఎత్తిపట్టి చూసి, “చెక్కపని మానెయ్యండమ్మా” అన్నాడు.

“దుమ్ము మానితే సాలదా సార్?”

“అదెట్లా కుదురుతుందమ్మా?”

కుదరదని ఎవరైనా అంటే చాలు, ఉదయలక్ష్మికి పని అక్కడి నుంచే మొదలవుతుంది. చెన్నైలో మూతపడిన ఒక ఫర్నిచర్ కార్ఖానా నుంచి పాత దుమ్ము మిషను ఒకటి పార్సిల్ లారీలో తెప్పించి, షెడ్డు మూలన టార్పాలిన్ కప్పి దాచిపెట్టింది. చంద్రమౌళి అది చెక్కల కుప్ప అనుకున్నాడు. ఆయన బాధ ఆయనది. గాలి వీచినప్పుడల్లా పొట్టు దుమ్ము ఎగిరివచ్చి మగ్గం మీది పడుగుపై పడుతోంది. దానికి తోడు భార్య దగ్గు రాత్రుళ్ళు ఆయన నిద్రలోకి కూడా వస్తోంది. ఆయన ఆలోచించి ఆలోచించి, రెండు బాధలకూ మందు ఒకటేనని తేల్చుకున్నాడు.

“సాయంత్రానికి షెడ్డు కాళీ సెయ్యి,” అని మళ్ళీ గుర్తుచేశాడు ఆ పొద్దున చొక్కా గుండీలు పెట్టుకుంటూ. “గోవిందస్వామన్న ఏకాంబరకుప్పంలో ఉండే తన పాత మగ్గం ఒకటి అమ్ముతానన్నాడు. పోయి టెంపోలో ఏసుకోని వస్తా.”

“కాళీ సెయ్యను.”

“నీ దగ్గు ఇనలేకుండా ఉండానే నేను!”

“దగ్గు నాది. షెడ్డు అత్తది. మద్దెలో నువ్వెవురు?”

చంద్రమౌళికి సమాధానం టెంపో ఎక్కాక తోచివుంటుంది గాని, అప్పటికే పుత్తూరు నుంచి వచ్చిన పెంచలయ్య వెనక సందులో నుంచి షెడ్డులోకి దిగిపోయాడు. ఊళ్ళో ఎలక్ట్రీషియన్లు లేక కాదు, ఊళ్ళోవాళ్ళయితే టీ అంగడి దగ్గరే చంద్రమౌళికి చెప్పేస్తారని ఉదయలక్ష్మి పొరుగూరి మనిషిని పిలిపించింది. పెంచలయ్య పుత్తూరులో అంగళ్ళకు ఏసీలు బిగిస్తాడు. దుమ్ము మిషను అనేదాన్ని జన్మలో చూడలేదు. ఆ ఒక్క ముక్క మాత్రం ఆయన చెప్పలేదు.

టార్పాలిన్ తీసేసరికి, డోలు లాంటి ఇనప పొట్ట, దానికి అటొక నోరు, ఇటొక నోరు, పైన తగిలించడానికి ఒక గుడ్డ సంచి బయటపడ్డాయి. ఏ నోరు ఏమిటో రాసిన రాతల మీద అమ్మినవాడు కొత్త రంగు కొట్టేశాడు.

తలకు ఆముదం దట్టంగా పట్టించుకుని, అది నానేదాకా షెడ్డులో పీట మీద కూర్చున్న కుప్పమ్మ ఆ మిషనును పైనుంచి కిందికి చూసింది. దుమ్ము అని రోజూ తిడుతుంది ఆమె. తిట్టడానికైనా రోజూ అక్కడే కూర్చుంటుంది.

“ఏందిమే ఇది? ఏనుగును తెచ్చి తొండం యాడో పోగొట్టుకున్నట్టుండావు.”

“తొండం ఇదిగో అత్తా,” అంది ఉదయలక్ష్మి ప్లాస్టిక్ గొట్టం చూపిస్తూ. “దుమ్మంతా ఇది లాగి ఆ సంచిలో ఏస్తాది.”

“ఏ నోటికి తగిలించేది అక్కా, గొట్టం?” అని అడిగాడు పెంచలయ్య. తనే మళ్ళీ, “పెద్ద నోరు లాగుతాది, సిన్న నోరు కక్కుతాది. మడుసులైనా అంతే కదా,” అని తీర్మానించుకున్నాడు.

ఆ మిషనుకు మాత్రం తద్విరుద్ధం. కాని అది ఎవరికి తెలుసు? ముందు నేలలో రంధ్రాలు వేసి బోల్టులు దించారు. ఒక్కో బోల్టూ బిగుస్తుంటే ఉదయలక్ష్మికి ఛాతీలో ఏదో వదులవుతున్నట్టు అనిపించింది. తరవాత గొట్టాన్ని పెద్ద నోటికి బిగించి, రెండో కొసను కోత మిషను కింద, నెలల తరబడి పేరుకున్న పొట్టు కుప్ప దగ్గర పెట్టారు. ముందు గదిలో మగ్గాలు రెండూ వాటంతట అవి నడుస్తున్నాయి. వాటి బోర్డు నుంచే పెంచలయ్య మిషనుకు లైను లాగాడు. స్విచ్చి దగ్గర నిలబడి, వెంకన్నను తలుచుకుని నొక్కాడు.

మిషను ఒక్కసారి గర్జించింది. లాగవలసిన గొట్టం ఊదింది. పొట్టు కుప్ప కుప్పంతా లేచి, గోడకు కొట్టుకుని, వెనక్కి తిరిగి, దారిలో ఎవరున్నారని చూడకుండా వచ్చి కుప్పమ్మ మీద పడింది. ముందు గదిలో టప్‌మని మెయిన్ పడిపోయింది. మిషను ఆగింది. చంద్రమౌళి మగ్గాలు రెండూ ఆగాయి.

దుమ్ములో నుంచి చూస్తే పీట మీద అత్త లేదు. బూడిద గుమ్మడికాయ ఒకటి ఉంది. ఆముదం తలకు, మొహానికి, మెడకు పొట్టు అంగుళం మందాన పట్టేసింది. అది కదలలేదు, పలకలేదు.

“అత్తా!” అని ఉదయలక్ష్మి గొంతెత్తి అరిచింది. “అత్తా! ఊపిరి తీస్కో అత్తా! అయ్యో, అత్తా!”

ఇక్కడ ఆ వీధి సంగతి ఒకటి చెప్పుకోవాలి. అక్కడి పిల్లలకు జోలపాట మగ్గం చప్పుడే. చప్పుడు ఆగితే నిద్రలేచి ఏడుస్తారు. అమావాస్య సెలవు పక్కనపెడితే మగ్గాలు ఆగేది రెండు సందర్భాల్లోనే. ఒకటి కరెంటు పోయినప్పుడు. రెండోది వీధిలో మనిషి పోయినప్పుడు. తేడా తెలుసుకోవడం వాళ్ళకు పుట్టుకతో వస్తుంది. కరెంటు పోతే మగ్గాలన్నీ ఒక్కసారే ఆగుతాయి. మనిషి పోతే, ఆ ఇంటితో మొదలై, ఒక్కో ఇల్లే ఆపుతూ వస్తుంది. శవాన్ని ఎత్తేదాకా ఎవరూ మళ్ళీ ఆడించరు.

పక్కింటి ధరణికి గోడ అవతల చంద్రమౌళి మగ్గాలు ఆగిన సంగతి ముందు తెలిసింది. ఆ వెంటనే “అత్తా! ఊపిరి తీస్కో అత్తా!” అన్న కేక వినిపించింది. తన ఇంట్లో లైటు వెలుగుతూనే ఉంది. ధరణి కళ్ళు తుడుచుకుని తన మగ్గాలు ఆపింది. అది విని ఎదురింటివాళ్ళు ఆపారు. వాళ్ళను విని ఆ పక్కవాళ్ళు. అలా ఆ నిశ్శబ్దం ఒక గడప నుంచి ఇంకో గడపకు నడుచుకుంటూ వీధి కొసదాకా పోయింది.

ఆ సమయానికి కుప్పమ్మ ఒక పెద్ద తుమ్ము తుమ్మి, బతికున్నట్టు నిరూపించుకుంది. ఆపైన ఉదయలక్ష్మి పుట్టింటివాళ్ళనూ, పెంచలయ్యనూ, ఆ మిషను కనిపెట్టినవాణ్ణీ వరసగా తిట్టి, దొడ్డివైపు స్నానాల గదిలోకి పోయి గడియ పెట్టుకుంది. ఆముదానికి అంటిన పొట్టు సీకాయకు అంత తేలిగ్గా లొంగేది కాదు.

అప్పుడు పెంచలయ్య చెవి రిక్కించాడు. “ఏందక్కా, ఊరంతా గమ్మునైపోయింది?”

ఉదయలక్ష్మి కూడా విన్నది. వినడానికేమీ లేకపోవడమే విన్నది.

“ట్రాన్స్‌ఫార్మర్ పోయిందంటావా?”

“పోయినట్టే ఉండాది. నేను పోయి సూసొస్తా. నువ్వు నా పేరు యాడా సెప్పొద్దక్కా!” అంటూ పెంచలయ్య వెనక సందులో నుంచే మాయమయ్యాడు.

ఉదయలక్ష్మి స్పానరు చేత్తో పట్టుకుని షెడ్డు మధ్యలో నిలబడింది. వీధంతా ఇప్పుడు తన మీదికి వస్తుంది. తప్పయిపోయిందని అనాలా? కోడలుగా ఈ వీధికి వచ్చిన రాత్రి నుంచి ఈ మగ్గాలన్నీ ఆమె చెవుల్లో టకటకలాడుతూనే ఉన్నాయి. ఏనాడైనా ఆపమందా? ఆమె ఒక్క మిషను, ఒక్క పూట, ఒక్కసారి తిరిగితే ప్రాణాలు పోతాయా వీళ్ళకు? ‘అనను,’ అనుకుంది. ‘ఎవరొచ్చినా సరే, తప్పని అనను.’

ముందు వాకిట్లోకి వచ్చేసరికి జనం అప్పటికే ఉన్నారు. నేతన్నల సంఘం పెద్ద గోవిందస్వామి ముందు నిలబడ్డాడు. పొట్టు పడి ఉదయలక్ష్మి కళ్ళు ఎర్రగా మండుతూ ధారలు కట్టాయి. జుట్టు రేగి తెల్లబడింది. ఆమెను చూడగానే ధరణి కొంగు నోట్లో కుక్కుకుంది. గోవిందస్వామి కండువా తీసి చంకన పెట్టుకుని, గొంతు బాగా తగ్గించి అడిగాడు.

“ఎప్పుడు పోయిందమ్మా?”

“ఇప్పుడే అన్నా. అరగంట కూడా కాలేదు.”

“బాదేమైనా పడిందా?”

“బాదేముంది? టప్ మనింది, పోయింది.”

“అట్ల పోవాలంటే పెట్టి పుట్టాల,” అన్నాడు గోవిందస్వామి నిట్టూర్చి.

ఉదయలక్ష్మికి అది వెటకారంలా తగిలింది. “నా తప్పేమీ లేదన్నా. పాతదైపోయింది. ఈ పొద్దు కాకుంటే రేపైనా పోయేదే.”

జనంలో ముసలివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమె ఊరడింపుగా చెయ్యి ఊపింది. “ఎందుకు ఇంత దిగాలు పడతారు? మల్లా వస్తాదిలే.”

“మల్లా యాడ వస్తాదమ్మా?” అంది ధరణి ఏడుస్తూ.

“రాకుండా యాడికి పోతాది? ఎన్నిసార్లు పోలేదు, ఎన్నిసార్లు రాలేదు?”

ధరణి ఇక ఆపుకోలేకపోయింది. ఉదయలక్ష్మికి మతి చలించిందని వెనక ఎవరో గొణిగారు. గోవిందస్వామి అందరినీ గమ్మునుండమని సైగ చేసి, సంఘం పెద్దగా అడగవలసిన మాట అడిగాడు.

“సరేమ్మా, జరగాల్సింది సూడాల కదా. ఎత్తేది ఎప్పుడు?”

ఉదయలక్ష్మి స్పానరు పిడికిలి బిగిసింది. అదీ సంగతి. మిషను దించిన వార్త అప్పుడే చేరిపోయింది. పాత మగ్గం అమ్ముకునే మనిషి, చోటు కోసం మిషను ఎత్తమని సంఘాన్నంతా వెంటేసుకుని వచ్చాడు.

“ఎత్తను,” అంది.

“అమ్మా...”

“ఎత్తనన్నా! మీరు సెప్పినా ఎత్తను, మా ఇంట్లో ఆయప్ప వచ్చి కాళ్ళు పట్టుకున్నా ఎత్తను. అది ఈ ఇంట్లోనే, ఆ షెడ్డులోనే ఉంటాది.”

“షెడ్డులోనా పెట్టినావు?”

“షెడ్డులోనే. మూలకి నిలబెట్టి బోల్టులు ఏసి నేలకి బిగించేసినా. సంఘమంతా వచ్చి లాగినా ఊడదు.”

గోవిందస్వామి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆయన వెనకున్నవాళ్ళు రెండు వేశారు.

“అట్ల కాదు తల్లీ,” అన్నాడు బతిమాలుతూ. “ఇంట్లో ఎన్ని దినాలు పెట్టుకుంటావు? వీధిలో సంటిబిడ్డలుండారు...”

“బిడ్డలకేం కాదు. అంతా గొట్టంలో పోయి సంచిలో పడతాది. సంచి నిండితే నేనే తీసుకపోయి మొక్కలకి ఎరువు ఏస్తా.”

ఎవరో ఒక ముసలావిడ గోవింద గోవింద అంటూ అక్కడే కూలబడింది. లోపలికి పోయి ఒకసారి కళ్ళతో చూసి వస్తామని ఇద్దరు ముందుకు కదిలితే, ఉదయలక్ష్మి గడపకు అడ్డం నిలబడి స్పానరు పైకెత్తింది. ఇక మాటలతో కాదని గోవిందస్వామి పక్కకు పోయి చంద్రమౌళికి ఫోను చేశాడు. “మౌళీ, ఉన్నపళంగా ఇంటికి రాప్పా. అమ్మ...” అని, మాట పూర్తి చేయకుండానే పెట్టేశాడు. ధరణి ఫోను తీసి తనకు తెలిసిన చుట్టాలందరికీ చెప్పింది. ఎవరో మాలకు పోయారు. ఇంకెవరో చావుకు మోగించే పలకల మేళానికి చెప్పారు.

గులాబీ మాల ఒకటి, ఇద్దరు మనుషులు మోసేంతది, వాకిట్లోకి వచ్చినప్పుడు ఉదయలక్ష్మికి మొదటిసారి అనుమానం తగిలింది. ట్రాన్స్‌ఫార్మర్ పోతే మాల వేస్తారా? వీధి మొగలో పలకలు మోగాయి. మోగుతూ మోగుతూ వచ్చి గడప ముందే నిలబడ్డాయి. ఆమె నోరు తెరిచి ఏదో అడగబోయేంతలో, మగ్గం మోసుకొచ్చిన టెంపో కీచుమంటూ ఆగింది. అందులో నుంచి చంద్రమౌళి దిగాడనడం కంటే పడ్డాడనడం నిజం. మాలను చూశాడు. మేళాన్ని చూశాడు. అక్కడే మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని రొమ్ము బాదుకున్నాడు.

“అమ్మా! పోతివా అమ్మా!”

ఉదయలక్ష్మికి అప్పుడు అర్థమైంది. ఎప్పుడు పోయింది, బాధ పడిందా, ఎత్తేది ఎప్పుడు, అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. ‘అయ్యో, అత్త తలంటుకుంటా ఉండాది!’ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

“నీ గుంట మగ్గం ఉండిన సోటమ్మా అది!” అని చంద్రమౌళి ఏడుస్తున్నాడు. “నిన్ను ఒక మాట అడక్కుండా మగ్గానికి ఇచ్చేస్తినే! ఉదయ మొత్తుకున్నా ఇనకపోతినే!”

మాట నాలుక చివరే ఆగింది. మొగుడు ఇంకా పూర్తి చేయలేదు.

“ఇంక ఆ షెడ్డు జోలికి వస్తే నేను నీ కడుపున పుట్టినోన్నే కాదమ్మా! ఆ రంపం, ఆ సెక్కలు యాడుండేవి ఆడ్నే ఉంటాయమ్మా! వీదంతా సాచ్చిగా సెప్తా ఉండా!”

ఇప్పుడు చెబుదామని ఉదయలక్ష్మి గొంతు సవరించుకుంది. అవసరం రాలేదు. ఇంటి పక్క సందులో నుంచి తడి చీరతో, విరబోసిన జుట్టుతో, ఎంత రుద్దినా వదలని పొట్టుతో కనుబొమలు తెల్లగా మెరుస్తుండగా కుప్పమ్మ నడిచివచ్చి మేళం ముందు నిలబడింది. పలకలు చప్పున ఆగాయి. టెంపో డ్రైవరు తిరిగి టెంపో ఎక్కేసి అద్దం పైకెత్తుకున్నాడు.

“ఎవుర్రా పోయింది?” అని అడిగింది కుప్పమ్మ.

ఆమె మాలను చూసింది, కొడుకును చూసింది, గోవిందస్వామి చంకలోని కండువాను చూసింది. ఎనభై దాటిన బుర్రే గాని, అందరికంటే ముందు అదే తేరుకుంది.

“మాల బాగుండాది,” అంది. “కొంచెం తొందరపడినారు, అంతే.”

చంద్రమౌళి పాక్కుంటూ వచ్చి ఆమె కాళ్ళను చుట్టేసుకున్నాడు. జనం సగంమంది నవ్వడానికీ సగంమంది పారిపోవడానికీ తయారైన ఆ క్షణంలో పెంచలయ్య వెనక వైపు నుంచి రొప్పుతూ వచ్చి, “అక్కా, ట్రాన్స్‌ఫార్మర్ బంగారంలా ఉండాది! మన ఇంట్లో మెయినే పడిపోయింది!” అని అందరికీ వినిపించేలా అరిచాడు. దాంతో వీధికి ఉన్నదున్నట్టు తెలిసిపోయింది. గోవిందస్వామి మొహం కందగడ్డ అయింది.

“ఒక దుమ్ము మిషను కోసరం వీది వీదే మగ్గాలాపినామా?” అన్నాడు. ఇప్పుడు గొంతు తగ్గించలేదు. “తాతల కాలం నుంచి ఈ వీదిలో మగ్గం తప్ప ఇంకో మిషను లేదు. ఎత్తెయ్యాల దాన్ని. ఇప్పుడే!”

“ఇందాకే సెప్పినా కదన్నా,” అంది ఉదయలక్ష్మి. “ఎత్తను.”

“నువ్వు గాదు, సంఘం ఎత్తుతాది!” అంటూ ఆయన షెడ్డు వైపు నడిచాడు. జనం వెనకే నడిచారు. కాని కుప్పమ్మ దగ్గరి దారిన ముందే పోయి, పీట లాక్కుని, మిషనుకు వీపు ఆనించి కూర్చుంది.

“ఎత్తు గోవిందసామీ,” అంది. “ముందు నన్ను ఎత్తు. మాల తెచ్చినావు, మేళం తెచ్చినావు, మోసేదానికి మనుషులూ ఉండారు. నన్ను ఎత్తినాక దాన్ని ఎత్తుకో.”

“అత్తా, పెద్దదానివి, నువ్వు కూడా...”

“పెద్దదాన్నే. ఇదే సోట గుంటలో కూసోని అరవై ఏండ్లు నేసినా. నూలు పీసంతా నా రొమ్ములోనే ఉండాది. రేత్రైతే ఎట్ల దగ్గుతానో మా ఇంట్లో అడుగు. ఏ మొగోడైనా, మా ఆయనైనా, నీ సంఘమైనా, నా ఊపిరికి ఒక మిషను తెచ్చి పెట్టినారా? నా కోడలు తన ఊపిరికి తానే తెచ్చుకునింది. దాని మింద సెయ్యి యెయ్యి సూద్దాం.”

అత్త తన వైపు మాట్లాడటం ఉదయలక్ష్మి అదే మొదటిసారి వినడం. రోజూ వచ్చి ఈ దుమ్ములో ఎందుకు కూర్చుంటుందో ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదని గుర్తొచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈసారి పొట్టు వల్ల కాదు.

పెంచలయ్య మాత్రం ఆ సందట్లోనే గొట్టాన్ని పెద్ద నోటి నుంచి ఊడదీసి చిన్న నోటికి మార్చేశాడు. సంచిని పెద్ద నోటికి తగిలించాడు. ముందు గదికి పోయి మిషను లైను వేరే ఫ్యూజుకు మార్చి, మెయిన్ ఎత్తి వచ్చి, ఎవరినీ అడగకుండా స్విచ్చి నొక్కాడు. జనం ఒక్క గెంతు వెనక్కి గెంతారు. మిషను సన్నగా గర్జించి, సంచి పొంగి నిలబడింది. గాలిలో వేలాడుతున్న దుమ్ము తెర నెమ్మదిగా వంగి, గొట్టం వైపు పోయి, కనబడకుండా పోయింది. నేల మీది పొట్టు పోయింది. ఎవరి చేతిలోనో ఉన్న మాలలోని గులాబీ రేకులు నాలుగు పోయాయి. వాటి వెనకే గోవిందస్వామి కండువా కొస పోయింది. ఆయన రెండో కొసను రెండు చేతులా పట్టుకుని, మిషను ఒకవైపూ సంఘం ఒకవైపూగా కాసేపు గుంజులాడాడు. పెంచలయ్య స్విచ్చి ఆపబట్టి సరిపోయింది గాని, సంఘం ఓడిపోయేదే.

“మౌళీ!” అని గోవిందస్వామి ఆ కోపమంతా అటు తిప్పాడు. “మిషను సంగతి తరవాత సూద్దాం. ముందు మగ్గం దించుకో. షెడ్డులో కాకుంటే ముందర వసారాలో ఏసుకో.”

చంద్రమౌళి టెంపో వైపు కదలబోయాడు. ఉదయలక్ష్మి స్పానరు కింద పెట్టి, చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా అంది.

“అన్నా, పలకలు మోగిన గడపలో ఏడాది తిరిగేదాకా మగ్గం దించకూడదని మీరే కదా సెప్పేది? పోయిన ఏడు కింది వీదిలో ఒకాయప్పకి వచ్చిన మగ్గాన్ని మీరే తిరగ్గొట్టించినారే.”

“అది మడిసి పోయిన ఇల్లు! ఈడ ఎవురూ పోలేదు కదా!”

“పోలేదులే,” అంది కుప్పమ్మ పీట మీద నుంచే. “కానీ పలకలు మోగినాయి. మోగించింది నువ్వు.”

సంఘంలోని ముసలివాళ్ళు తలలాడించారు. మేళం మోగిన ఇల్లు మేళం మోగిన ఇల్లే, శాస్త్రం శాస్త్రమే అన్నారు. ఆ శాస్త్రాన్ని వీధిలో అందరికంటే గట్టిగా పట్టుకున్నది గోవిందస్వామి. ఇప్పుడది ఆయన్ని పట్టుకుంది. టెంపో వైపు చూశాడు, పలకల వైపు చూశాడు, చిరిగిన కండువా వైపు చూశాడు. చివరికి డ్రైవరుకు చేత్తో సైగ చేశాడు. మగ్గం వచ్చిన దారినే ఏకాంబరకుప్పం వెళ్ళిపోయింది.

“నేను నిజంగా అట్లన్నానా?” అని చంద్రమౌళి భార్యను పక్కకు పిలిచి అడిగాడు. “షెడ్డు జోలికి రానని?”

“వీదంతా ఇన్నది.”

“నువ్వు మద్దెలో ఆపుండొచ్చు కదే.”

“కొడుకు తల్లి కోసరం ఏడస్తా ఉంటే మద్దెలో మాట్లాడితే నేను మడిసినేనా?”

చంద్రమౌళి చాలాసేపు ఆమె మొహంలోకి చూశాడు. పొట్టు పట్టిన ఆ మొహంలో ఏమీ కనబడలేదు. ఊరికే వచ్చిన మేళాన్ని ఊరికే పంపకూడదని కుప్పమ్మ, “ఒక మంచి దరువు కొట్టి కాపీ తాగి పోండి నాయనా,” అంది. వాళ్ళు కొట్టారు. ధరణి ఇంటికి పోయి మగ్గం ఆన్ చేసింది. ఎదురిల్లు అందుకుంది. మాటలు వినబడనంత హోరుగా వీధి మళ్ళీ తన బతుకు తాను బతకడం మొదలుపెట్టింది.

ఆ హోరులో ఉదయలక్ష్మి ఒక మామిడి చెక్కను కోత మిషను మీద పెట్టి కోసింది. పొట్టు పైకి లేవలేదు. ఆమె మూతికి కట్టిన గుడ్డ విప్పి, భయం భయంగా, ఒక నిండు ఊపిరి పీల్చింది. దగ్గు రాలేదు. ఇంకోటి పీల్చింది. పీట మీద కూర్చున్న కుప్పమ్మ కూడా, ఎవరూ చూడటం లేదనుకుని, ఒకటి పీల్చి చూసుకుంది.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు తడ నుంచి కుప్పమ్మ చెల్లెలు తిరుమలమ్మ దిగింది. ఇత్తడి బిందె ఎవరిదన్న విషయంలో అక్కాచెల్లెళ్ళకు ఏళ్ళుగా మాటల్లేవు. ధరణి ఫోను అందుకుని, రెండు బస్సులు మారి, దారి పొడుగునా ఏడుస్తూ వచ్చిన తిరుమలమ్మ, రెండు చేతులూ చాపుకుని గడప దాటేసరికి అక్క వసారాలో కూర్చుని దోసె తింటోంది. ఆమె చాపిన చేతులు దించింది, కళ్ళు తుడుచుకుంది, సంచి మూలన పెట్టింది. ఏడ్చిన ఏడుపు ఎట్లాగూ దండగైంది, బస్సు చార్జీ అయినా గిట్టనీ అని వారం రోజులు ఉండి, పూటకొకసారి అక్కతో పోట్లాడి మరీ పోయింది.